పద్నాలుగో చప్పుడు

(నీటిలో శబ్దాలు ఎలా ప్రయాణిస్తాయో పరిశీలించే ప్రయోగశాల, కింది అంతస్తు. మధ్యాహ్నం రెండు దాటింది. ఒకామె ఇక్కడ లెక్కలు కట్టే ఉద్యోగి, నలభై దాటిన మనిషి. రెండో ఆమె నర్సుల హాస్టల్లో వంట చేసే పెద్దావిడ. ఆవిడ తమ్ముడు పదకొండు నెలల కిందట ఒక చిన్న జలాంతర్గామిని నడుపుతూ సముద్రంలో తప్పిపోయాడు.)

“ఇంకొంచెం పొయ్యనా అక్కా?”

“చాలమ్మా, ఇది మూడో కప్పు. టీ తాగడానికేనా నన్ను రెండు బస్సులు మారి రమ్మన్నావు?”

“అబ్బే, కాదు. మీరు అలిసిపోయి వచ్చారని...”

“అలుపు తీరి అరగంటయింది. చెప్పు. ఫోన్లో ఏమన్నావు? ‘సంతకం పెట్టేముందు ఒక్కసారి నా దగ్గరికి రండి’ అన్నావు. వచ్చాను. కాగితం సంచిలోనే ఉంది. నాలుగింటికల్లా పై ఆఫీసులో ఇచ్చెయ్యాలి. ఇవ్వకపోతే ఆ పెద్దాయన మళ్ళీ మొహం మాడ్చుకుంటాడు.”

“చదివారా కాగితం?”

“హాస్టల్లో నర్సులు చదివి పెట్టారు. ఇక వెతకనక్కర్లేదని నేను ఒప్పుకుంటున్నాను. అంతేగా? తతిమ్మాదంతా నెంబర్లు, తారీకులు. మా తమ్ముడితో పాటు దిగిన ఆ వెల్డర్ పెళ్ళాం ఎప్పుడో పెట్టేసింది. పాపం ఆ పిల్ల నన్నేమీ అనదు. ఆదివారం ఆదివారం ఫోన్ చేసి ‘పెద్దమ్మా, బాగున్నారా’ అంటుంది. అంటే ఏమిటో నాకు తెలీదా? నా ఒక్క సంతకం కోసం ఆ పిల్ల బతుకు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.”

“మరి ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టలేదు?”

“ఎందుకు పెట్టలేదంటే... పెట్టలేదు. ఆ కప్పులిలా తే, కడిగేస్తాను.”

“నేను కడుక్కుంటాను, మీరు కూర్చోండి.”

“ఈ కుర్చీ ఇంకా ఇక్కడే ఉందే!”

“మీదే. ఎవరూ కూర్చోరు.”

“నువ్వు కూర్చోవచ్చుగా.”

“నాకు ఒకటుంది కదా. ఒక్క మనిషికి రెండు కుర్చీలేం చేసుకోను?”

“వాళ్ళని వెతికిన పంతొమ్మిది రోజులూ కూర్చున్నాను ఇందులో. నా నడుం ఆకారం వచ్చేసింది దీనికి. నువ్వేమో ఎప్పుడు చూసినా ఆ తెరలోకే చూస్తుండేదానివి. ఈ పిల్లకి మెడ పట్టేస్తుందిరా భగవంతుడా అనుకునేదాన్ని.”

“పట్టేసింది. ఇప్పటికీ ఇటు పక్కకి తిరగదు.”

“నవ్వావు! బతికించావు. పొద్దున్న ఏం తిన్నావు?”

“తిన్నాను.”

“ఏం తిన్నావని అడిగాను. తిన్నావా అని కాదు.”

“అక్కా, ముందు మీకు ట్యాంకు చూపిస్తాను.”

“ఎన్నిసార్లు చూడలేదు? ఇంత గంగాళం. ఇందులో వండితే మా హాస్టలంతా నెల్లాళ్ళు తినొచ్చు.”

“రండి, ఈసారి దగ్గర్నుంచి చూద్దురుగాని. మెట్టు తడిగా ఉంది, జాగ్రత్త. ఇదిగో, ఇదీ గొట్టం.”

“ఇంతేనా? మోచేతంత ఉంది. దూరం నుంచి పెద్దదనుకున్నాను.”

“మీ తమ్ముడు నడిపిన దానికి ఇరవయ్యో వంతు. అదే ఉక్కు. గోడ మందం కూడా అదే లెక్కన. ఇటో మూత, అటో మూత. తాడు కట్టి నీళ్ళలోకి దింపుతాం. ఆ చివర్నుంచి ఒక చప్పుడు పంపిస్తాం. దీనికి తగిలి తిరిగొచ్చేదాన్ని ఈ చివర వింటాం.”

“బావిలోకి కేకేసినట్టు.”

“అలాగే. కాకపోతే ఇది గొట్టం కదా, చప్పుడు ఒక్కసారిగా తిరిగి రాదు. ఎదురుగా తగిలింది ముందు వచ్చేస్తుంది. కొంత గోడలోకి దూరి, గోడ వెంబడే గుండ్రంగా చుట్టు తిరిగి, కాస్త ఆలస్యంగా వస్తుంది. రెండో చుట్టు తిరిగింది ఇంకా ఆలస్యం. ఆ ఆలస్యాల్ని బట్టి గొట్టం ఎంత లావో, గోడ ఎంత మందమో చెప్పెయ్యొచ్చు. నేను కట్టే లెక్క అదే. ట్యాంకులో విన్నదీ, నా లెక్కలో వచ్చిందీ ఒకటైతే లెక్క మంచిదన్నమాట.”

“అప్పుడు సముద్రంలో విన్నవాటిని దాంతో పోల్చి చూస్తావు.”

“మీకన్నీ గుర్తున్నాయే!”

“పంతొమ్మిది రోజులమ్మా. వేరే పనేముంది నాకు? ఈ సబ్బు నీళ్ళెందుకు? అప్పుడే అడుగుదామనుకున్నాను.”

“దింపేముందు గొట్టాన్ని సబ్బు నీళ్ళతో తుడుస్తాం. లేకపోతే చిన్న చిన్న గాలి బుడగలు అంటుకుంటాయి. అవి ఉంటే చప్పుడంతా చెడిపోతుంది.”

“ఇంతింత బుడగలకా?”

“నీళ్ళలో గాలి ఉంటే ఊరికే ఉండదక్కా. గుండుసూది తలకాయంత బుడగైనా గోల గోల చేసేస్తుంది. ఎక్కడున్నా తెలిసిపోతుంది.”

“ఓహో. అయితే నేనొకటి అడగనా? వద్దులే.”

“అడగండి.”

“ఏం లేదు. లోపల్నుంచి ఎవరైనా గోడ మీద కొడితే... ఊరికే అడుగుతున్నాను... మీ ఓడలకి వినపడుతుందా?”

“వినపడొచ్చు.”

“వినపడిందా?”

“లేదక్కా.”

“అన్నీ విన్నావా?”

“మూడువందల పదిహేడు రికార్డులు. ఒక్కోటీ ఐదారు సార్లు విన్నాను.”

“వినపడలేదంటే కొట్టలేదనా? కొట్టినా వీళ్ళు దూరంగా ఉన్నారనా?”

“అదీ... దూరాన్ని బట్టి, లోతును బట్టి, మధ్యలో నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో దాన్ని బట్టి...”

“సరే సరే. తెలీదని చెప్పొచ్చుగా, దానికింత సాగదీస్తావెందుకు! గాలి ఎన్నాళ్ళకుందన్నారు? నాలుగు రోజులేనా?”

“నాలుగు. ఇద్దరు మనుషులకి నాలుగు రోజులు.”

“తొంభై ఆరు గంటలు.”

“మీరు గంటలు లెక్కపెట్టారా?”

“నువ్వొక్కదానివేనా లెక్కలు కట్టేది? ఇదేంటి, ఈ రబ్బరు బిరడా ఇలా చీలిపోయింది?”

“ఏదీ? ఓ, అదా. అది పాతది. పోయినవారం పాడైంది. కొత్తది పెట్టాను.”

“ఎండి చీలింది. కుక్కరు రబ్బరు ఇలాగే అవుతుంది, మూణ్ణెల్లకోసారి మార్చకపోతే. దీంట్లోంచి నీళ్ళు లోపలికి పోవూ?”

“పోయాయి.”

“పోతే?”

“పోతే ఏముంది, పైకి తీసి, ఒంపేసి, ఆరబెట్టాను.”

“అంతేనా?”

“అంతే.”

“అంతే అయితే ఈ చీలిపోయినదాన్ని గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టుకున్నావెందుకు, చెత్తబుట్టలో పడెయ్యక?”

“అక్కా, మీరు కూర్చోండి.”

“కూర్చోను. చెప్పు.”

“నీళ్ళు పోయిన సంగతి నాకు తెలీదు. ఎప్పట్లాగే దింపాను, ఎప్పట్లాగే చప్పుడు పంపించాను. తెర మీద రోజూ వచ్చే గీత రాలేదు. వేరేది వచ్చింది.”

“వేరేది ఎందుకొస్తుంది? గొట్టం అదేగా.”

“గొట్టం అదే. లోపల గాలి ఉంటే చప్పుడు గోడ దగ్గరే ఆగిపోయి, గోడ చుట్టూనే తిరుగుతుంది. నీళ్ళుంటే లోపలికి కూడా వెళ్ళిపోతుంది. అవతలి గోడకి తగిలి, మళ్ళీ ఇవతలికి వచ్చి... ఆలస్యాలన్నీ మారిపోతాయి. అప్పుడు గోడ మందాన్ని, లోపలి వ్యాసాన్ని విడివిడిగా తీసుకుని...”

“ఆగు. ఆగాగు. అంత అక్కర్లేదు. గ్యాస్ బండ.”

“ఏంటి?”

“గ్యాస్ బండమ్మా. ముప్ఫై ఏళ్ళుగా తట్టి చూస్తున్నాను నేను. ఖాళీదైతే ఖంగుమంటుంది. నిండుదైతే దబ్బుమంటుంది. నాకే మీటరూ అక్కర్లేదు. గుమ్మం అవతల నుంచి చెప్పేస్తాను.”

“అదే. సరిగ్గా అదే.”

“మరి మా తమ్ముడి బండని ఏ మోత కోసం వెతికావు నువ్వు?”

“అక్కా...”

“ఖంగుమనేదాని కోసమా, దబ్బుమనేదాని కోసమా?”

“మీరు ముందు కూర్చోండి.”

“రెండిటి కోసమూ వెతికావుగా? వెతికే ఉంటావు. ఇంత చదువుకున్నదానివి.”

“లేదు.”

“లేదా?”

“ఖంగుమనేదాని కోసమే వెతికాను.”

“పంతొమ్మిది రోజులూ?”

“పంతొమ్మిది రోజులూ.”

“నాలుగు రోజుల గాలీ అయిపోయాక కూడా?”

“పీల్చడానికి పనికిరాకపోయినా గాలి గాలేగా, గొట్టం ఖాళీగానే ఉంటుందిగా అని... అలా సర్దిచెప్పుకున్నాను.”

“ఎవరికి?”

“నాకే.”

“పై వాళ్ళు అడగలేదూ? అంతమంది ఉన్నారు, కళ్ళజోళ్ళు పెట్టుకుని!”

“లెక్క నాది. లెక్క మొదలుపెట్టగానే కంప్యూటర్ ఒక ప్రశ్న అడుగుతుంది, లోపల ఏముందీ అని. గాలి, నీళ్ళు, రెండు గడులుంటాయి. ఏదో ఒకటి నొక్కాలి. ఒక్క నొక్కు. దాన్నెవరూ వచ్చి చూడరు. ట్యాంకులో మేం ఎప్పుడూ మూతేసిన ఖాళీ గొట్టమే దింపుతాం, ఆ అలవాట్లో నొక్కేశాను అంటే అందరూ నమ్ముతారు.”

“నాకూ అదే చెప్తావా?”

“మీకు చెప్పలేను.”

“మరి?”

“మీరు ఇక్కడ కూర్చుని ఉన్నారు. నా వెనకాల. సంచి ఒళ్ళో పెట్టుకుని. రెండో రోజు నీళ్ళు అన్న గడి దగ్గరికి వెళ్ళాను. వెళ్ళాను, నిజం. అప్పుడే మీరు ‘ఇప్పుడేం చేస్తున్నావమ్మా’ అన్నారు.”

“అన్నానా?”

“అన్నారు. ‘ఏం లేదక్కా’ అనేసి వెనక్కొచ్చేశాను. మళ్ళీ దాని జోలికి పోలేదు. మీరు చూస్తుండగా నా చేత్తో నేను దాంట్లో నీళ్ళు నింపలేకపోయాను.”

“నాకు ఏ గడి ఏదో తెలుసా తల్లీ? నాకు చదువా, సంధ్యా?”

“తెలీదు. అయినా సరే.”

“నేను లేచి ఇంటికి పోయి ఉంటే నింపేదానివా?”

“మీరు వెళ్ళకూడదనే ఉండేది నాకు.”

“అదేంటి?”

“పొద్దున్న ఈ గది తాళం తీస్తాను, సాయంత్రం వేస్తాను. మధ్యలో ఆ మోటారు హోరు తప్ప ఏమీ లేదు. పదహారేళ్ళుగా ఇంతే. మీరొచ్చాక రోజూ ఎవరో ఒకరు తిన్నావా అని అడిగారు. వెతకడం ఆగిపోతే మీరూ రారు. అది మనసులో లేదంటే అబద్ధమవుతుంది.”

“ఓసి పిచ్చిదానా. ఎంత పని చేశావే!”

“అవునక్కా.”

“అవునక్కా అంటే సరిపోయిందా? ఊరికే నన్ను పిలిస్తే ఏ ఆదివారమో రానా? దానికి... దానికి ఇంత...”

“తిట్టండి.”

“తిడతానులే, తొందరేం లేదు. నువ్వింకా మొత్తం చెప్పలేదు. బిరడా పాడైన రోజు ఏదో గీత వచ్చిందన్నావు. తర్వాత?”

“ఆ గీతని నేను అంతకుముందే చూశాను. పద్నాలుగో చోటుది. మీరు కూడా అడిగారు దాన్ని, ఇదేమిటి పొట్టిగా మొద్దుగా ఉందని.”

“పాత పైపు ముక్క అన్నావు.”

“అన్నాను. సముద్రం అడుగున బోలెడుంటాయండీ అన్నాను. రికార్డు పక్కన నా చేత్తోనే రాసి పెట్టాను, నీళ్ళు నిండిన పాత పైపు అని.”

“కాదా?”

“కాదు. నీళ్ళు అని నొక్కి మళ్ళీ కట్టాను. లావు సరిపోయింది. గోడ మందం సరిపోయింది. సగం బురదలో కూరుకుంటే ఎలా ఉంటుందో అదీ కట్టాను, ఇంకా బాగా సరిపోయింది. ఎక్కడైనా తప్పు దొరక్కపోతుందా అని తొమ్మిది రోజులుగా కడుతూనే ఉన్నాను. దొరకలేదు.”

“తొమ్మిది రోజులు! ఒక్క ఫోన్ చెయ్యడానికి చేతులు రాలేదా?”

“నెంబరు నొక్కడం, పెట్టెయ్యడం. నొక్కడం, పెట్టెయ్యడం. ఇవాళ మీ సంతకమని విన్నాక ఇక తప్పలేదు. మీరది ఇచ్చేస్తే అటువైపు ఇక ఏ ఓడా వెళ్ళదు.”

“ఆ పద్నాలుగోది ఎప్పుడు విన్నది?”

“కాసిని మంచినీళ్ళు తాగుతారా?”

“ఎన్నో రోజు విన్నదని అడుగుతున్నాను.”

“మొదటి రోజే. వెతికే ఓడలు రాకముందే. వాళ్ళని కిందికి దింపిన పెద్ద ఓడ ఉంది చూడండి, లోపల్నుంచి మాట ఆగిపోగానే అది చుట్టూ చప్పుళ్ళు పంపి చూసింది. అందులోది. చోట్లకి వరస నెంబర్లు వేసినప్పుడు పద్నాలుగయింది.”

“మాట ఆగిపోయింది ఐదుంబావుకి.”

“అవును. ఇది ఐదూ యాభై ఐదుకి.”

“నలభై నిమిషాలు.”

“నలభై నిమిషాలకే అది దబ్బుమంది అక్కా. అప్పటికే నిండిపోయి ఉంది. మూత దగ్గర వదులై ఉంటుంది. అంత లోతులో నీళ్ళకి ఒక్కసారి దోవ దొరికిందంటే...”

“పైన ఎక్కడైనా? ఒక మూల? తల పెట్టుకునేంత?”

“ఉంటే తెలిసిపోయేది. లేదు.”

“నాలుగు రోజుల గాలి అన్నారే.”

“నాలుగు రోజులు లేవక్కా. ఒక్క రోజు కూడా లేదు.”

“ఆ కుర్చీ ఇలా జరుపు, కూర్చుంటాను.”

“నేను రాసిస్తాను. తప్పు నాదేనని సంతకం పెట్టి, ఇప్పుడే మీతో పైకొచ్చి ఇస్తాను. ఉద్యోగం పోతే పోయింది. పద్నాలుగో చోటుకి ఓడని పంపిస్తారు, ఇద్దర్నీ పైకి తెస్తారు. వెల్డర్ భార్యకి మీ సంతకంతో పనే ఉండదు. మీరు మాత్రం ఆ కాగితం ఇవ్వకండి. పదకొండు నెలలు ఆశతో ఉన్న మనిషికి ఇలా చెప్పాల్సి వచ్చింది. నన్ను...”

“ఆశా? ఎవరు చెప్పారు నీకు?”

“మీరు సంతకం పెట్టలేదు కదా. ‘ఆవిడ ఇంకా తమ్ముడొస్తాడనుకుంటోంది, ఏమీ అనకండి’ అన్నారు పై ఆయన. మేమందరం అదే అనుకున్నాం.”

“అంత వెర్రిదానిలా కనపడుతున్నానా? ఐదో రోజు పొద్దున్నకే తెలుసు నాకు, వాడు పోయాడని.”

“మరి సంతకం...”

“అమ్మా నాన్నా పోయాక వాణ్ణి నేనే పెంచానని చెప్పానుగా. వాడికి ఆరేళ్ళప్పుడు ఒకసారి బస్టాండులో తప్పిపోయాడు. నేను ఒక బస్సు ఎక్కేశాను, వాడు ఎక్కాడనుకుని. తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. పొద్దున్న ఏ మెట్టు మీద వదిలానో ఆ మెట్టు మీదే ఉన్నాడు. నిక్కరు తడిసిపోయి, ఎండకి మొహం కమిలిపోయి. ఎవరో బన్ను ఇస్తే తీసుకోలేదట, ఎవరో పోలీసు దగ్గరికి పోదాం రమ్మంటే పోలేదట. ఎందుకు కదల్లేదురా అంటే, ‘తప్పిపోతే ఉన్నచోటే ఉండమన్నావుగా, అక్క వస్తుందన్నావుగా’ అన్నాడు.”

“అక్కా...”

“నేను నేర్పిందేనమ్మా అది. వాడు ఏ పనైనా మధ్యలో వదిలేసేవాడు గానీ, ఈ ఒక్క మాటా వదల్లేదు. పెద్దయ్యాక కూడా ఎక్కడైనా కలుసుకుందామంటే గంట ముందొచ్చి నిలబడేవాడు, రాయిలాగా. కూరలు తరుగుతుంటే లెక్క మొదలవుతుంది. ఇది ఇరవయ్యో గంట. ఇది నలభయ్యో గంట. ఇప్పుడు వెల్డర్ తిడుతుంటాడు. వీడు ‘ఉండరా, మా అక్క వస్తుంది’ అంటుంటాడు. తొంభై ఆరు దాకా పోయి, మళ్ళీ ఒకటి దగ్గర్నుంచి మొదలు. ఇక సంతకం పెట్టమంటే... వాడక్కడ మెట్టు మీద కూర్చునుంటే నేను బస్సెక్కి ఇంటికొచ్చేసినట్టు ఉండదూ?”

“నాకు తెలీదు. నేను... మీకు మంచి చేస్తున్నాననుకున్నాను.”

“ఊరుకో. ఏడవకు. ముక్కు తుడుచుకో. రాసివ్వు, ఇద్దరం కలిసే పైకి పోదాం. ఆ పిల్ల మొగుణ్ణి ఆ పిల్లకి తెచ్చివ్వాలి కదా. అది సరే, నా వైపు చూసి చెప్పు. నలభై నిమిషాలేనా? నన్ను ఊరుకోబెట్టడానికి అంటున్నావా?”

“మీ కోసం ఒకసారి నిజం దాచాను, చూశారుగా ఏమైందో. ఇంక ఎప్పుడూ దాచను. నలభై కన్నా తక్కువే అక్కా.”

“అమ్మయ్య. అయితే వాడు నా కోసం ఎదురుచూడలేదు.”